జాలీ కిటికీలోంచి గోదావరి



ఒక్కసారి కళ్ళు మూసుకోండి. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో సాయంత్రం పూట మెట్ల మీద కూర్చున్నారు. ఎదురుగా గోదావరి. నీళ్ళ మీద ఆర్చి వంతెన. ఒకదాని పక్కన ఒకటి, మొత్తం 28 విల్లులు. 1997లో పూర్తయిన వంతెన అది. ఒక్కో విల్లు పొడవు దాదాపు 97 మీటర్లు. ఆ వంపు చూడండి. ఎక్కడైనా గరుకుందా? ఎక్కడైనా విరిగిందా? లేదు. చెయ్యి తిరిగిన చిత్రకారుడు కుంచె ఎత్తకుండా గీసినట్టు ఉంటుంది. ఆ విల్లు నుంచి కింద పట్టాల దాకా ఉక్కు తీగలు వేలాడుతుంటాయి. అవీ అంతే. సన్నగా, తిన్నగా ఉంటాయి.

ఇప్పుడు అదే వంతెనను ఒక కంప్యూటర్ గేమ్‌లో పెట్టామనుకోండి. తెర మీద ఆ విల్లు విల్లులా ఉండదు. చిన్న చిన్న మెట్లు కట్టినట్టు ఉంటుంది. ఆ ఉక్కు తీగలు ఇక్కడో ముక్క, అక్కడో ముక్క. గేమ్‌లో మీరు ఒక్క అడుగు కదిలితే చాలు, ఆ ముక్కలన్నీ చీమల బారులా పాకుతాయి.

ఈ మెట్ల గురించే ఈ పూట మీతో మాట్లాడదామని వచ్చాను. ఈ మెట్లను నునుపు చేసే పనికి యాంటీ అలియాసింగ్ అని పేరు. గేమ్స్ ఆడే పిల్లలు దాన్ని ఏఏ అంటారు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు మీ చెవిన పడే ఉంటుంది. నేను మాట్లాడబోయే ప్రశ్న ఒక్కటే. చుక్కలు బాగా ఎక్కువున్న తెర, ఖరీదైన తెర, కొనుక్కున్నాక కూడా ఈ నునుపు పని కావాలా? అక్కర్లేదా?

నన్ను ఈ ప్రశ్న అడిగింది మా మేనల్లుడు. భీమవరంలో ఉంటాడు. ఉద్యోగంలో చేరాక జీతంలోంచి నెలనెలా కూడబెట్టి, 27 అంగుళాల 4కే మానిటర్ కొన్నాడు. అమ్మినవాళ్ళు ఒక మాట చెప్పారట. "4కే అంటే ఇంక మెట్లు కనపడవండీ, ఆ ఏఏ ఆఫ్ చేసెయ్యండి" అని. వీడు ఆఫ్ చేశాడు. మెట్లు కనపడ్డాయి. కంగారుపడి అన్నీ ఆన్ చేశాడు, ఉన్నవన్నీ చివరిదాకా పెంచాడు. గేమ్ నత్తనడక పట్టింది. రాత్రి పదకొండింటికి నాకు ఫోను. "మావయ్యా, ఇంత డబ్బు పోసి కొన్నాను కదండీ, ఇంకా ఈ మెట్లేంటండీ?"

నేను రాజమండ్రిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ ప్రశ్నకి ఫోనులో జవాబు చెప్పేయొచ్చు. కానీ వాడి గొంతులో దిగులు విన్నాక, ఆదివారం బయల్దేరి వెళ్ళాను.

వాడు ఆడేది యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే గేమ్. లారీ నడిపే గేమ్. భీమవరం నుంచి చేపల లోడు వెళ్ళే దారులు చూసి పెరిగినవాడు, లారీ అంటే వాడికి ప్రాణం. గేమ్‌లో లారీని రోడ్డు పక్కన ఆపించాను. వాళ్ళ నాన్నగారు పంచాంగం చదువుకునే భూతద్దం ఒకటి ఇంట్లో ఉంది. అది తెచ్చి తెరకు ఆనించి చూడమన్నాను. చూశాడు. రోడ్డు పక్క ఇనుప రెయిలింగు, దూరంగా కరెంటు తీగ. భూతద్దంలో ఆ తీగ తీగ కాదు. నాలుగు గళ్ళు అడ్డంగా, తర్వాత ఒక గడి కిందికి దిగి మళ్ళీ నాలుగు గళ్ళు అడ్డంగా, మళ్ళీ ఒక గడి కిందికి. అంతే. తెర అంటే గళ్ళ కాగితం. ఏ తెరైనా గళ్ళ కాగితమే.

ఈ గళ్ళ సంగతి మన ప్రాంతంలో నాకు మొదట అర్థమయ్యేలా చెప్పింది కంప్యూటర్ మనిషి కాదు. చేనేత మనిషి.

కొన్నేళ్ళ కిందట ఉప్పాడ వెళ్ళాను. కాకినాడ దాటాక, సముద్రం ఒడ్డున. ఉప్పాడ జాందానీ చీర మీకు తెలుసు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చీర. ఒకాయన మగ్గం మీద నెమలి బుటా నేస్తున్నారు. నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. పడుగు పోగులు ఒకవైపు, పేక పోగులు ఇంకోవైపు. అవి రెండూ కలిసేచోట ఒక గడి. ఆ గడిలో రంగు పోగు పడుతుంది, లేకపోతే పడదు. సగం పడటమనేది లేదు. గ్రాఫ్ కాగితం మీద నిండిన గళ్ళు చూసుకుంటూ, పోగులు లెక్కపెట్టుకుంటూ, ఆయన వేళ్ళు నెమలి మెడ దగ్గరికొచ్చాయి. మెడ వంపు కదా. నేను వంగి చూశాను. వంపు లేదు. మెట్లు!

"మెట్లలా ఉందండీ" అన్నాను. ఆయన నవ్వారు. "ఆయ్. దగ్గరకొచ్చి చూస్తే నెమలెక్కడుంటదండీ, మెట్లే ఉంటాయి. పోగు సన్నబడితే మెట్టు సన్నబడతాది. కట్టుకుని నడిచేటప్పుడు చూడండి, అప్పుడు నెమలి" అన్నారు.

పోగు సన్నబడితే మెట్టు సన్నబడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. రెజల్యూషన్ అంటే ఇదే. తెరలో పోగులు ఎన్ని అన్న లెక్క. ఫుల్ హెచ్‌డీ తెరలో దాదాపు 20 లక్షల గళ్ళు. 4కే తెరలో దాదాపు 83 లక్షలు. అంటే నాలుగింతలు. గడి చిన్నదయింది, మెట్టు చిన్నదయింది. అంతవరకు కొట్టువాళ్ళు చెప్పింది నిజమే.

మరి ఇంకా ఎందుకు కనపడుతున్నాయి? ఉప్పాడ నేతగారి మాటలో రెండో సగం చూడండి. కట్టుకుని నడిచేటప్పుడు చూడమన్నారు. చీర కదిలితే మెట్లు మాయమై నెమలి మిగులుతుంది. తెర మీద సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. బొమ్మ ఆగి ఉన్నప్పుడు మెట్లు పెద్దగా తెలియవు. కదిలిందా, మెట్లు లేచి పాకుతాయి. లారీని ఆపి ఉంచినప్పుడు మావాడికి తెర బాగానే ఉంది. బండి కదలగానే రెయిలింగు మిలమిలలాడింది, కరెంటు తీగ తెగి అతుక్కుంది, మళ్ళీ తెగింది.

ఎందుకు ఈ తేడా? చీరలో మెట్లు నెమలివి. నెమలి ఎటు వెళ్తే మెట్లూ అటే వెళ్తాయి. పోగులు నెమలితో పాటే కదులుతాయి. తెర మీద మెట్లు బొమ్మవి కావు, తెరవి. గళ్ళు కదలవు. బొమ్మ మాత్రం గళ్ళ వెనక నుంచి కదిలిపోతుంటుంది.

ఇది రేడియోలో చెప్పడం కష్టం, అందుకని మీ ఇంట్లోదే ఒకటి చూపిస్తాను. దోమలు రాకుండా కిటికీకి జాలీ కొట్టించుకుంటాం కదా. ఆ జాలీకి ఒక జానెడు దూరంలో నిలబడి, బయట గోదావరి మీద వెళ్ళే పడవని చూడండి. గోదావరి కనపడని ఇల్లయితే రోడ్డు మీద సైకిలు చూడండి. సైకిలు చక్రం పుల్లలు జాలీ గళ్ళలోంచి తళుక్కుమని కనపడి మాయమవుతుంటాయి. సైకిలు ఆగితే ఆ తళుకు ఆగుతుంది. జాలీ కదలదు, సైకిలు కదులుతుంది. తెర సంగతీ అదే. జాలీ కదలదు, బొమ్మ కదులుతుంది.

4కే అంటే సన్న జాలీ. 8కే అంటే ఇంకా సన్న జాలీ. సన్నదైనా జాలీ జాలీయే, గోడకు బిగించిందే. అది కదలదు. కాబట్టి రెజల్యూషన్ పెంచితే మెట్టు చిన్నదవుతుంది, పాకడం తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. మళ్ళీ చెబుతాను. మెట్టు చిన్నదవుతుంది. పాకడం తగ్గుతుంది. పోదు.

ఇక్కడ కంటి సంగతి కూడా చెప్పాలి. రెండు చుక్కలు విడివిడిగా కనపడటానికి మన కంటికి ఒక హద్దుంది. మానిటరు ముందు రెండడుగుల దూరంలో కూర్చుంటే, ఆ హద్దు సుమారు మిల్లీమీటరులో ఆరో వంతు. 27 అంగుళాల 4కే తెరలో గడి కూడా దాదాపు అంతే ఉంటుంది. అందుకే ఆ తెరలో గళ్ళు విడిగా కనపడవు. అందుకే "మెట్లు కనపడవు" అన్నారు అమ్మినవాళ్ళు. కానీ కంటికి ఇంకో శక్తి ఉంది. గీత తిన్నగా ఉందా, పక్కకి జరిగిందా అని పట్టడంలో మన కన్ను ఆ హద్దుకంటే ఎన్నో రెట్లు చురుకు. వడ్రంగిని చూడండి. చెక్క చిత్రిక పట్టాక ఒక కన్ను మూసి, అంచు వెంబడి చూస్తాడు. వెంట్రుకవాసి వంకర ఉన్నా పట్టేస్తాడు. చేను గట్టు మీద నిలబడి చూస్తే, తాడు పట్టి వేసిన ఊడ్పులో ఒక్క మొక్క వరస తప్పినా ఇట్టే తెలిసిపోతుంది. ఆ మొక్క ఏ ఆకారంలో ఉందో అంత దూరం నుంచి కనపడదు. వరస తప్పిందని మాత్రం కనపడుతుంది. మెట్టు అంటే వరస తప్పడమే. అందుకని గడి కనపడకపోయినా మెట్టు కనపడుతుంది.

మావాడికి ఈ మాట చెప్పినప్పుడు వాడి ముఖం విప్పారింది. వాడి కళ్ళలో లోపం లేదు, తెరలో లోపం లేదు. వాడు చూసింది ఉన్నదే.

ఇక అలియాసింగ్ అన్న మాట. ఇది మనకు కొత్త మాటేం కాదు. పేపర్లో నేరవార్తల్లో చదువుతుంటాం కదా, ఫలానావాడు అలియాస్ ఫలానావాడు అని. అసలు పేరు ఒకటి, తిరిగేది ఇంకో పేరుతో. అదే ఈ అలియాస్. ఒకటి ఇంకోదానిలా వేషం వేసుకుని కనపడటం. సన్న గీతల చొక్కాయో, సన్న గళ్ళ చీరో కట్టుకుని ఎవరైనా టీవీలో కూర్చుంటే, ఆ గుడ్డ మీద లేని అలలు, లేని రంగులు తేలుతూ కనపడటం మీరు చూసే ఉంటారు. ఆ అలలు చీరలో లేవు. చీర గీతలకీ కెమెరా గళ్ళకీ మధ్య పుట్టిన దొంగ బొమ్మ అది. అందుకే కెమెరా ముందుకు వచ్చేటప్పుడు సన్న గీతల బట్టలు వద్దని చెబుతారు.

మీరు వింటున్న ఈ గొంతుకి కూడా అదే ప్రమాదం ఉంది. నేను మైకు ముందు మాట్లాడుతుంటే, యంత్రం నా గొంతుని సెకనుకి 48,000 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఇది రికార్డింగ్ గదుల్లో మామూలు లెక్క. సెకనుకి 40,000 సార్లు కంపించే ధ్వని ఏదైనా మైకులో పడిందనుకోండి. అది మన చెవికి వినపడదు. కానీ ఆ కొలతలో పడితే 8,000 కంపనాల కూతగా మారి, దొంగపేరుతో వినపడుతుంది. అది జరగకుండా, కొలవక ముందే పై శబ్దాలన్నిటినీ వడగడతారు. ఆ వడపోత పేరు కూడా యాంటీ అలియాసింగే. అంటే మీరు గేమ్స్ ఆడకపోయినా, ఈ ప్రసంగం వింటున్నారంటే, ఈ పని మీ కోసం జరుగుతూనే ఉంది.

బొమ్మల్లో ఈ సమస్యని గట్టిగా పట్టుకున్నవాళ్ళలో మొదటివాడు ఫ్రాంక్ క్రో. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసినవాడు. 1977లో దీని మీద ఆయన రాసిన వ్యాసం వచ్చింది. ఆయన చెప్పిన దాని సారం మన భాషలో ఇంతే. గడి మధ్యలో ఒక్క చోట చూసి రంగు వేయకు. గడి మొత్తం మీద ఏది ఎంత మేర పడిందో చూడు. సగం ఆకాశం, సగం వంతెన పడితే సగం రంగు వెయ్యి.

సగం రంగు. ఉప్పాడ మగ్గం మీద కుదరనిది తెర మీద కుదురుతుంది. నల్లటి విల్లుకీ తెల్లటి ఆకాశానికీ మధ్య గడిలో బూడిద రంగు వేస్తే, కన్ను ఆ మెట్టుని వంపుగా చదువుకుంటుంది.

ఈ పనిని మొదట మొరటుగా చేశారు. ఒక్కో గడిలో నాలుగు చోట్ల రంగు లెక్కగట్టి, నాలుగూ కలిపి సగటు తీస్తారు. సూపర్ శాంప్లింగ్ అంటారు. నాణ్యతలో దానికి సాటి లేదు. కాని పని నాలుగింతలు. 4కే తెర మీద అసలే ఒక్క బొమ్మకి 83 లక్షల గళ్ళు, సెకనుకి 60 బొమ్మలు. అంటే సెకనుకి దాదాపు 50 కోట్ల గళ్ళకి రంగు వెయ్యాలి. దాన్ని నాలుగింతలు చెయ్యమంటే, బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు ఏమవుతుంది? మావాడి గేమ్ నత్తనడక పట్టింది ఇందుకే. ఆ గేమ్‌లో స్కేలింగ్ అని ఉంటుంది, అది ఈ సూపర్ శాంప్లింగే. దాన్ని చివరిదాకా పెంచేశాడు. నలుగురు మోసే బరువు ఒక్కడి తల మీద పెట్టి, పరుగెత్తమన్నట్టయింది.

తర్వాత పొదుపు దారి కనిపెట్టారు. బొమ్మ లోపల ఎలాగూ నునుపే కదా, వస్తువుల అంచుల్లో మాత్రమే ఎక్కువసార్లు చూద్దాం అని. దీన్ని ఎంఎస్‌ఏఏ అంటారు. వంతెన విల్లుకి, ఇంటి గోడకి, లారీ తొట్టికి చక్కగా పనికొచ్చింది. కానీ కొబ్బరాకు దగ్గర ఓడిపోయింది.

ఇది కోనసీమవాళ్ళకి బాగా అర్థమవుతుంది. 2007లో క్రైసిస్ అనే గేమ్ వచ్చింది. ఒక దీవిలో జరిగే కథ. ఎటు చూసినా తాటి, కొబ్బరి జాతి చెట్లు. అమలాపురం చుట్టుపక్కల తిరుగుతున్నట్టే ఉంటుంది. గేమ్స్‌లో చెట్టు ఆకులని ఒక్కో ఈనె విడివిడిగా చెక్కరు. అలా చెక్కితే కంప్యూటర్ తట్టుకోలేదు. పల్చటి రేకు మీద ఆకు బొమ్మ అచ్చువేసి, ఖాళీలని కనపడకుండా చేస్తారు. ఎంఎస్‌ఏఏకి ఆ రేకు అంచే అంచు. లోపల ఈనెకీ ఈనెకీ మధ్య ఉన్న అంచు దానికి కనపడదు. అందుకని గోడలు నున్నగా ఉన్నా, కొబ్బరాకులు గాలికి మిలమిలలాడుతూ కళ్ళని పీకేవి. రెజల్యూషన్ పెంచినా ఈనెలు సన్నవి కాబట్టి ఆ మిలమిల మిగిలేది. ఇనుప జాలీలు, కంచెలు, కరెంటు తీగలు, గడ్డి, జుట్టు, నీటి మీద ఎండ తళుకు. ఎక్కువ రెజల్యూషన్‌లో కూడా కంటిని ఇబ్బంది పెట్టేవి ఇవే. గోడ అంచులు కావు.

అటు తర్వాత బొమ్మ అంతా గీసేశాక మెట్లని వెతికి సరిచేసే పద్ధతులు వచ్చాయి. ఎఫ్‌ఎక్స్‌ఏఏ, ఎస్‌ఎంఏఏ అంటారు. పని తక్కువ, బరువు తక్కువ. ఎఫ్‌ఎక్స్‌ఏఏ కొంచెం అలికినట్టు చేస్తుంది. ఎస్‌ఎంఏఏ జాగ్రత్తగా చేస్తుంది. నాకు ఎస్‌ఎంఏఏ అంటే గౌరవం. కానీ ఇవి ఆగిన బొమ్మలో మెట్టుని దిద్దుతాయి, తెగిపోయిన తీగని అతకలేవు. గడికీ గడికీ మధ్య జారిపోయినదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాయి?

జారిపోయినదాన్ని తెచ్చే ఉపాయం ఒకటుంది. ఇప్పటి బొమ్మలో తీగ జారిపోతే, ఇంతకు ముందు బొమ్మలో దొరికి ఉండొచ్చు కదా. దానికి ముందు బొమ్మలో ఇంకో ముక్క దొరికి ఉండొచ్చు. జాలీ దగ్గర మనం చేసే పనే ఇది. జాలీలోంచి సరిగ్గా కనపడకపోతే ఏం చేస్తాం? తలని అటూ ఇటూ కాస్త ఆడిస్తాం. ఒక్కో చూపులో కొంచెం కొంచెం కనపడి, బుర్రలో పూర్తి పడవ తయారవుతుంది. కంప్యూటర్ కూడా ప్రతి బొమ్మకీ చూపుని గడిలో కాస్త జరిపి, వెనకటి బొమ్మలన్నిటినీ కలుపుకుంటుంది. దీన్ని టీఏఏ అంటారు. 2014 నుంచి, గేములు తయారుచేయడానికి వాడే అన్‌రియల్ ఇంజన్ ద్వారా బాగా వ్యాపించింది. పాకడాన్ని ఆపగలిగింది ఇదే.

దీని మీద కోపం ఉన్న ఆటగాళ్ళు చాలామంది. ఆ కోపంలో న్యాయముంది. ఫుల్ హెచ్‌డీ తెర మీద టీఏఏ పెడితే బొమ్మ పొగమంచులో చూసినట్టు మసకబారుతుంది. వేగంగా వెళ్ళే వస్తువు వెనక నీడలాంటి తోక మిగులుతుంది. మరి 4కేలో? ఇక్కడే అసలు సంగతి ఉంది, జాగ్రత్తగా వినండి. 4కేలో గళ్ళు నాలుగింతలు కాబట్టి కలుపుకోవడానికి సమాచారం నాలుగింతలు. మసక చాలా తగ్గుతుంది. తోక సన్నబడుతుంది. అంటే రెజల్యూషన్ పెరిగితే ఈ నునుపు పని అక్కర్లేకుండా పోవడం కాదు, అది ఇంకా బాగా పనిచేస్తుంది. ఒకటి ఉంటే ఇంకోటి ఎందుకు అని అడుగుతారు. అవి రెండూ జోడెద్దులు.

2018లో ఎన్‌విడియా కంపెనీ డీఎల్‌ఎస్‌ఎస్ అని తెచ్చింది. 2020లో వచ్చిన రెండో రూపంతో అది కుదురుకుంది. ఏఎండీ, ఇంటెల్ కూడా తమతమ పద్ధతులు తెచ్చాయి. ఇవి తక్కువ గళ్ళలో బొమ్మ గీసి, వెనకటి బొమ్మల సాయంతో 4కేకి పెంచుతాయి. మెట్లు తీసే పనీ, బొమ్మ పెంచే పనీ ఒక్కటైపోయాయి. చాలా కొత్త గేముల్లో ఏఏని పూర్తిగా ఆపే మీటే ఉండదు.

ఇంతసేపూ గేమ్స్ అంటూ మాట్లాడాను. ఈ నునుపు పని లేకపోతే నష్టపోయేది గేమ్ ఆడేవాళ్ళే అనుకోకండి. మన అక్షరం కూడా నష్టపోతుంది. తెలుగు అక్షరంలో గీతలు తక్కువ, వంపులు ఎక్కువ. ఇంగ్లిషు ఐ, ఎల్, టీ లాంటివి గళ్ళలో తిన్నగా కూర్చుంటాయి. మన 'ఋ' ఎక్కడ కూర్చుంటుంది? దాని కిందా పైనా అన్నీ వంపులే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో తెలుగు ఫాంటు ఒకటి వచ్చింది. దాని పేరు గౌతమి. ధవళేశ్వరం దగ్గర చీలే మన గోదావరి పాయ పేరే. అక్షరాలని నునుపు చేసే క్లియర్‌టైప్ కూడా ఆ ఎక్స్‌పీలో ఉంది. కానీ మొదట్లో ఆఫ్ చేసి ఉండేది. ఎవరో చెప్పి ఆన్ చేస్తే తప్ప తెలియదు. అప్పటి తెరల మీద చిన్న సైజు తెలుగు చదవడం నాకు గుర్తుంది. ఒత్తు ఏదో, దీర్ఘం ఏదో పోల్చుకోలేక, తెరకి ముక్కు ఆనించేవాళ్ళం. క్లియర్‌టైప్ ఆన్ చేసిన రోజున ఒక విద్యార్థిని తెర చూసి, "సార్, అక్షరాలకి స్నానం చేయించినట్టుందండీ" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు. ఇవాళ మీ ఫోనులో తెలుగు అంత అందంగా కనపడుతోందంటే, తెరలో చుక్కలు పెరిగాయి, దాంతో పాటు ఈ సగం రంగు పని కూడా ఆగకుండా జరుగుతోంది. చుక్కలు పెరిగాయి కదా అని ఫోన్లు తయారుచేసేవాళ్ళు ఈ పని మానేయలేదు.

ఇక మా మేనల్లుడి మానిటరు దగ్గరికి వద్దాం. ఆ ఆదివారం ఏం చేశామో చెబుతాను. లారీ గేమ్‌లో స్కేలింగ్‌ని మళ్ళీ నూరు శాతానికి దించాం. ఎస్‌ఎంఏఏ ఆన్ చేశాం. గేమ్ పరుగందుకుంది. రెయిలింగు అంచు నున్నబడింది. దూరాన ఒకట్రెండు తీగలు ఇంకా కాస్త తెగుతున్నాయి, అది ఒప్పుకోవాలి. వాడి దగ్గరున్న ఇంకో కొత్త గేమ్‌లో డీఎల్‌ఎస్‌ఎస్ ఉంది. క్వాలిటీ మీద పెట్టాం. అందులో తీగలు తెగలేదు. వాడు కుర్చీ వెనక్కి జరుపుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఆ తీగల్నే చూశాడు.

కాబట్టి నా తీర్పు సూటిగా చెబుతాను. 27 అంగుళాల 4కే మానిటరు దగ్గర కూర్చుని ఆడేవాళ్ళు బరువైన ఏఏ పెట్టకండి. సూపర్ శాంప్లింగ్ వద్దు, ఎనిమిదింతల ఎంఎస్‌ఏఏ వద్దు. అక్కడ ఖర్చయ్యే శక్తికి తగ్గ ఫలితం మీ కంటికి రాదు. కానీ పూర్తిగా ఆపకండి. తేలికపాటి నునుపు ఒకటి ఉంచుకోండి. వెనకటి బొమ్మలు కలుపుకునే పద్ధతి ఉంటే అదే ఉంచుకోండి. ఫుల్ హెచ్‌డీ మానిటరు ఉన్నవాళ్ళకి ఏఏ తప్పనిసరి, ఎంత వీలైతే అంత. 4కే టీవీలో మంచం మీద నుంచి ఆడేవాళ్ళకి తెర పెద్దదైనా దూరం ఉంది, ఆ దూరమే సగం నునుపు చేస్తుంది. ఉప్పాడ చీర దూరం నుంచి చూసినట్టు. చుక్కలెన్ని అన్నది ఒక్కటే చూడకండి. చుక్క ఎంత పెద్దది, మీరెంత దూరంలో కూర్చున్నారు, రెండూ చూడండి.

ఫోనులో బీజీఎంఐ ఆడే తమ్ముళ్ళకి ఒక మాట. ఫోను తెరలో చుక్కలు చాలా చిన్నవి. కానీ చాలా ఫోన్ గేములు తెరకున్నన్ని చుక్కల్లో బొమ్మ గీయవు. తక్కువలో గీసి సాగదీస్తాయి. అందుకని అక్కడా మెట్లు కనపడొచ్చు. సెట్టింగుల్లో యాంటీ అలియాసింగ్ ఉంటుంది, ఆన్ చేసి చూడండి. ఫోను వేడెక్కి ఆట తడబడుతుంటే మాత్రం ఆపెయ్యండి. మన మే నెల ఎండల్లో ఫోను చల్లగా ఉండటం ముఖ్యం.

మానిటరో టీవీయో కొనబోయే వాళ్ళకి ఒక విన్నపం. కొట్లో ఆగి ఉన్న పువ్వుల బొమ్మ చూపిస్తారు, కొండల బొమ్మ చూపిస్తారు. ఆగి ఉన్న బొమ్మ ఏ తెర మీదైనా బాగుంటుంది. కదిలే బొమ్మ చూపించమని అడగండి. అందులో ఒక కరెంటు తీగో, ఒక కంచో, ఒక కొబ్బరి చెట్టో ఉండాలని అడగండి. మీరు ఇంట్లో ఎంత దూరంలో కూర్చుంటారో అంత దూరంలో నిలబడి, రెండు నిమిషాలు చూడండి. తర్వాతే డబ్బు తియ్యండి.